బెంగళూరు నుంచి బందీపూర్, ముదుమలై అడవుల మీదుగా ఊటీకి కారులో: మొదటిసారి ఘాట్ ఎక్కేవారికి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మారతహళ్లిలో ఉంటాం. వచ్చే నెల ఒంగోలు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఐదేళ్ల పాప ఉంది. కొత్తగా కొన్న ఆటోమేటిక్ కారులో ఊటీ వెళ్దామనుకుంటున్నాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికే బయలుదేరవచ్చా? మసినగుడి దారి బాగుంటుందంటున్నారు, అటు వెళ్లాలా, గూడలూరు మీదుగా వెళ్లాలా? నేను ఘాట్ రోడ్డు ఎప్పుడూ నడపలేదు. టెన్షన్‌గా ఉంది."

వెళ్లండి, నిక్షేపంగా వెళ్లవచ్చు. అయితే శుక్రవారం రాత్రి బయలుదేరకండి, శనివారం తెల్లవారుజామున బయలుదేరండి. గూడలూరు మీదుగా ఎక్కండి, గూడలూరు మీదుగానే దిగండి. మసినగుడి ఘాట్ ఈసారికి వదిలేయండి. ఎందుకో కింద రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటూ ఈ దారిలో అన్ని కాలాల్లోనూ నడిపాను, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని కూడా.

ముందు రాత్రి సంగతి. గుండ్లుపేట దాటాక బందీపూర్ అడవి మొదలవుతుంది. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. అంబులెన్సుల్లాంటి అత్యవసర వాహనాలు, కొన్ని ప్రభుత్వ బస్సులు తప్ప మామూలు బళ్లు వెళ్లనివ్వరు. మీరు శుక్రవారం ఏడింటికి మారతహళ్లిలో కదిలితే రింగ్ రోడ్డు దాటేసరికే తొమ్మిదవుతుంది. గుండ్లుపేటకు అర్ధరాత్రి చేరి, గేటు దగ్గర కారులోనే కునికిపాట్లు పడి, ఆరింటికి నిద్రలేని కళ్లతో అడవిలోకి, ఆపైన ఘాట్‌లోకి వెళ్లాలి. మొదటిసారి ఘాట్ నడిపే మనిషికి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు లేదు. శుక్రవారమే కదలాలని ఉంటే మైసూరులో గది తీసుకుని పడుకోండి.

శ్రీశైలం రోడ్డు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. నల్లమలలో కూడా దోర్నాల దగ్గర, మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది దాటితే గేటు వేస్తారు. బందీపూర్‌లో ఇది 2009లో మొదలైంది, 2010లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. రాత్రి హెడ్‌లైట్ వెలుగు నేరుగా కళ్లలో పడితే దుప్పి గానీ కణుజు గానీ పరుగెత్తదు, ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. నిషేధానికి ముందు ఈ రోడ్డు మీద జంతువులు అలా చచ్చిపోయేవి. కేరళ వైపు వ్యాపారులకు, ప్రయాణికులకు దీనివల్ల ఇబ్బంది ఉంది, దాని మీద వివాదం ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు నేను ఆ గేటు పక్షమే. తొమ్మిది గంటల పాటు ఆ అడవికి రోడ్డు లేదన్నట్టే కదా!

ఇక దారి. మీ దగ్గర్నుంచి నైస్ రోడ్డు ఎక్కి మైసూరు రోడ్డు పట్టుకోండి. ఎక్స్‌ప్రెస్‌వే మీద వంద దాటకండి, కెమెరాలు ఉన్నాయి. మైసూరు ఊళ్లోకి వెళ్లకుండా రింగ్ రోడ్డు మీదుగా నంజనగూడు వైపు తిరిగితే సమయం కలిసొస్తుంది. నంజనగూడులో కపిలా నది ఒడ్డున నంజుండేశ్వరుడి గుడి ఉంది, నాన్నగారికి చూపించాలంటే తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, వెళ్లేటప్పుడు కాదు. గుండ్లుపేటలో ట్యాంకు నింపుకోండి, అందరూ బాత్రూమ్ పని అక్కడే ముగించుకోండి. వానాకాలం మొదట్లో అయితే ఆ ఊరి చుట్టుపక్కల బంతిపూల తోటలు, పొద్దుతిరుగుడు చేలు కనిపిస్తాయి. ఫొటోలు దిగాలన్న సరదా ఏమన్నా ఉంటే అక్కడ తీర్చుకోండి. ఆ తర్వాత ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా కారు దిగేది లేదు.

గుండ్లుపేటలో రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపుది వయనాడ్ మీదుగా కోళిక్కోడ్ వెళ్లే ఎన్‌హెచ్ 766. మీకు కావలసింది ఊటీ వెళ్లే ఎన్‌హెచ్ 181. మేలుకామనహళ్లి చెక్‌పోస్ట్ దగ్గర బందీపూర్ మొదలవుతుంది. కక్కనళ్ల దగ్గర రాష్ట్రం మారి ముదుమలై అవుతుంది, తొరపల్లి గేటుతో అడవి అయిపోయి గూడలూరు వస్తుంది. బోర్డులు మారాయని అడవి మారదు. రెండూ పులుల అభయారణ్యాలే. బందీపూర్ 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంపికైన తొలి అడవుల్లో ఒకటి. ముదుమలైకి ఆ హోదా 2007లో వచ్చింది. ఏనుగులకు ఆ గీత తెలియదు, ఎండాకాలం నీటి కోసం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

అడవిలో మూడు పనులు చేయకండి: ఆగడం, దిగడం, తిండి పెట్టడం. జరిమానా ఎలాగూ ఉంది, కానీ నేను చెప్పేది దాని కోసం కాదు. కోతికి పాప ఒక బిస్కెట్ విసిరితే రేపు ఆ కోతి మరో కారు కింద పడుతుంది. తిండికి అలవాటు పడిన జంతువు రోడ్డును వదలదు. సత్యమంగలం వైపు చెరకు లారీలను ఏనుగులు ఆపి గడలు లాక్కోవడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఏనుగుకు, ఆ దారిన వెళ్లే మోటార్‌సైకిల్ మనిషికి అది ప్రాణాల మీదికి వచ్చే అలవాటు. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఒకాయన ఏనుగుతో సెల్ఫీకి దగ్గరికి వెళ్లి దాని కాళ్ల కింద పడ్డాడు. ప్రాణం దక్కడం అదృష్టం. తర్వాత అటవీశాఖ జరిమానా కూడా వేసింది.

ఏనుగు ఎదురైతే ఏం చేయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ దారిలో ఎదురయ్యే అవకాశం బాగా ఉంది. దూరంలో ఉండగానే దాని చెవులు చూడండి. చెవులు నిదానంగా విసురుకుంటూ, తోక ఊపుకుంటూ, తొండంతో గడ్డి పీకి కాలికేసి దులుపుకుని తింటోందంటే దానికి మీ గొడవ లేదు. నెమ్మదిగా, హారన్ కొట్టకుండా, ఇంజిన్ రేజ్ చేయకుండా దాటిపోవచ్చు. తినడం ఆపేసి, చెవులు విప్పార్చి కదలకుండా మీ వైపే నిలబడిందంటే అది హెచ్చరిక. అప్పుడు ముందుకు పోకండి. వెనక ఖాళీ ఉంటే మెల్లగా రివర్స్ చేయండి. అందుకే అడవిలో ముందు కారుకు ఆనుకుని వెళ్లకూడదు, కనీసం యాభై అడుగులు వదలండి.

ముదుమలై అడవిలోని తెప్పకాడు ఇంకా రాకముందు ఒకసారి మా ముందు కారు ఆగిపోయింది. కుడివైపు వెదురు పొదల అంచున ఒక ఆడ ఏనుగు, దాని ముందు కాళ్ల మధ్య గున్న. గున్న ఒళ్లంతా ఎర్రమట్టి, ఇంకా తడి ఆరలేదు. నా వెనక ఎవరో హారన్ కొట్టారు. అంతే, తల్లి ఏనుగు నమలడం ఆపింది. నోట్లో సగం ఉన్న వెదురు మండ అలాగే వేలాడుతోంది. రెండడుగులు వేసి తారురోడ్డు మీదికి వచ్చి మాకు ఎదురుగా నిలబడింది. ముందు కారాయన అనుభవం ఉన్నవాడు, ఇంజిన్ ఆపలేదు, కారు కదిలించలేదు. దాని వెనక నుంచి గున్న, మరో నాలుగు ఏనుగులు రోడ్డు దాటి అవతలి లోయలోకి దిగిపోయాయి. అన్నీ దిగాక కూడా అది కాసేపు మావైపే చూసి, అందరికన్నా చివర దిగింది. రోడ్డుకు అడ్డంగా నిలబడిన ఏనుగు దాడి చేయడానికే నిలబడిందని అనుకోకండి. చాలాసార్లు అది వెనక వచ్చేవాళ్లను దాటిస్తోంది. కారు కదలకుండా, మాట వినిపించకుండా ఐదు నిమిషాలు ఇస్తే దాని దారిన అది పోతుంది.

పాపకు ముందే చెప్పండి, అడవిలో గట్టిగా అరవకూడదని. చెబితే పిల్లలు మనకన్నా బాగా పాటిస్తారు. పొద్దున తొమ్మిదిన్నర, పదికల్లా అడవిలో ఉంటే దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు ఖాయంగా కనిపిస్తాయి. అడవిదున్న కూడా కనిపించవచ్చు, నల్లటి ఒంటికి మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. పులి మీద ఆశ పెట్టుకోకండి.

తెప్పకాడులో మోయార్ నది దగ్గర దారి మళ్లీ చీలుతుంది. ఎడమకు తిరిగితే మసినగుడి, కల్హట్టి మీదుగా ఊటీ. నేరుగా పోతే గూడలూరు మీదుగా. మసినగుడి దారి సుమారు 36 కిలోమీటర్లు, గూడలూరు దారి దాదాపు రెట్టింపు. మ్యాప్ మిమ్మల్ని మసినగుడికే పంపాలని చూస్తుంది. పట్టించుకోకండి. కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. చిన్న దూరంలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కించేస్తుంది. కొన్ని మలుపుల్లో కారు దాదాపు ఆగి మళ్లీ మొదటి గేరులో లేవాలి. వెనక సీట్లో పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను, ముందు బండి సరిగ్గా మలుపులో ఆగిపోయింది అనుకోండి. అనుభవం లేని చేతికి అది చాలా ఎక్కువ. ఇక దిగడానికి ఆ దారి బయటి బళ్లకు లేదు. అక్కడ బ్రేకులు ఫెయిలై ప్రాణాలు పోయిన ప్రమాదాల తర్వాత, కిందికి నీలగిరి జిల్లా టీఎన్ 43 నంబరు బళ్లను మాత్రమే వదులుతున్నారు. అడ్డదారి ఏదో ఉందని హోటల్లో ఎవరైనా చెప్పినా వినకండి.

గూడలూరు ఘాట్ వెడల్పుగా ఉంటుంది, ఎక్కుడు నిదానంగా ఉంటుంది, బస్సులు తిరిగే రోడ్డు. అసలు కష్టం గూడలూరు నుంచి నడువట్టం వరకే. తర్వాత తేయాకు తోటలు, పైకారా, పచ్చిక గుట్టలు, నీలగిరి తైలం చెట్లు, దాదాపు మామూలు రోడ్డే. నిజానికి అందం కూడా ఈ దారిలోనే ఎక్కువని నా అభిప్రాయం. కల్హట్టిలో నడిపేవాడికి స్టీరింగ్ తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇప్పుడు ఘాట్ నడపడం. తిరుమల ఎక్కిన అనుభవం ఉందని చాలామంది ధైర్యంగా వస్తారు. తిరుమలలో ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అక్కడ ఎదురు బండి రాదు. ఇక్కడ ప్రతి మలుపులోనూ ఎదురు బండి ఉందనే అనుకోవాలి. అడవిలో హారన్ కొట్టవద్దన్నాను కదా, ఘాట్‌లో కనిపించని మలుపు ముందు తప్పకుండా కొట్టండి.

ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్‌కు ముందే వేగం తగ్గించి, ముందే గేరు తగ్గించండి, మలుపు మధ్యలో కాదు. మలుపుకు చేరకముందే పక్క కిటికీలోంచి తలెత్తి పై రోడ్డు చూడండి. బస్సో లారీయో దిగుతూ కనిపిస్తే మలుపుకు రెండు కార్ల దూరంలో ఆగిపోండి, దానికి తిరగడానికి రోడ్డంతా కావాలి. పక్కపక్కన పట్టని ఇరుకులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని రూల్ ఉంది. అయినా లారీతో రూలు మాట్లాడొద్దు, మీరే ఆగండి. ఏ పరిస్థితిలోనూ మధ్య గీత దాటి మలుపు కోయకండి. ఎక్కుడు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద కారును నిలబెట్టకండి, బ్రేక్ మీద నిలబెట్టండి. ఏఎంటీ, డీసీటీ అనే రకాల ఆటోమేటిక్ బళ్లలో లోపల ఉండేది క్లచ్చే, అలా నిలబెడితే అది కాలుతుంది.

దిగేటప్పుడు కారును ఆపేది గేరు, బ్రేక్ కాదు. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగాలి. లివర్ డీ (డ్రైవ్)లో పెట్టి దిగితే ఆటోమేటిక్ తనంతట తాను పై గేరుకు పోతుంది, కారు జారుతుంది, మీరు బ్రేక్ తొక్కుతూనే ఉంటారు. కాలు అలాగే ఉంచితే ప్యాడ్లు, డిస్కులు వేడెక్కి పట్టు పోతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ద్రవం మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. అప్పుడు తొక్కినా కారు ఆగదు. కాబట్టి మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు, లేదా మీ బండిలో ఎల్ (తక్కువ గేరు) ఉంటే ఎల్. ఇంజిన్ గోల ఎక్కువవుతుంది, భయపడకండి, అది చేయవలసిన పని అదే. మలుపు ముందు బ్రేక్ గట్టిగా తొక్కి వేగం దించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ అవసరమైతే మళ్లీ తొక్కండి. న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆపి పెట్రోలు మిగులుద్దామనే మనుషులు ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆగితే బ్రేక్‌కు, స్టీరింగ్‌కు ఉన్న సాయం పోతుంది. అలాంటి సలహా నాన్నగారు ఇచ్చినా సున్నితంగా కాదనండి.

మా బంధువు ఒకాయన, హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లుగా కారు నడుపుతున్న మనిషి, నడువట్టం నుంచి నా ముందు దిగుతున్నారు. ఆయన వెనక ఎర్ర లైట్లు ఆరడం లేదు. కాసేపటికి మా కారులోకే కాలిన వాసన వచ్చింది. లైట్లు కొట్టి ఒక టీ బంకు దగ్గర ఆపించాను. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. ఆయన నీళ్ల క్యాన్ అందుకుంటుంటే వద్దని ఆపాను. అంత వేడి డిస్కు మీద చన్నీళ్లు పోస్తే అది వంకరపోవచ్చు, పగలవచ్చు. టీ తాగి, కబుర్లు చెప్పుకుని, చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగలని దాకా ఆగాం. మిగతా ఘాట్ ఆయన రెండో గేరులో దిగారు, మలుపుకు ఒకసారి బ్రేక్ తాకించి. గూడలూరులో చూస్తే చక్రాలు మామూలుగానే ఉన్నాయి. ఇంత చెప్పడానికి కారణం, ఆయన చెడ్డ డ్రైవర్ కాదు. ఊళ్లో ఎంత నడిపినా ఈ పని అలవాటవదు.

పర్మిషన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. నీలగిరికి ఈ-పాస్ కావాలి. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి మొదలైంది. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, ఎంతమంది, ఏ తేదీలు అన్నవి ఇస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. 2025 వేసవి సీజన్‌లో మామూలు రోజుల్లో 6000, వారాంతాల్లో 8000 బళ్లు అని పరిమితి కూడా పెట్టారు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య అయితే హోటల్ కన్నా ముందు పాస్ చూసుకోండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం మళ్లీ ఒకసారి చూడండి. పాస్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అడవిలో సిగ్నల్ ఉండదు. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు, కవర్లు నీలగిరిలో నిషేధం, చెక్‌పోస్ట్‌లో కారు తెరిపించి చూస్తారు. ఇంటి నుంచే స్టీలు సీసాలు పట్టుకెళ్లండి.

అమ్మానాన్న, పాప విషయానికొస్తే, మైసూరు దాటాక ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ చాలు, పూరీ, వడ వద్దు. వాంతులు అయ్యే అలవాటు ఎవరికైనా ఉంటే డాక్టర్ చెప్పిన మాత్ర గూడలూరుకు అరగంట ముందే వేయించండి, మలుపులు మొదలయ్యాక వేస్తే లాభం లేదు. ఫోన్ చూడనివ్వకండి, ముఖ్యంగా పాపను. అమ్మగారికి తల తిరిగే స్వభావం ఉంటే ముందు సీటు ఆవిడకే. ఊటీ 2240 మీటర్ల ఎత్తు, కిందనుంచి రెండు గంటల్లో చలిలోకి వెళ్తారు. స్వెటర్లు డిక్కీ అడుగున కాకుండా చేతికందేలా పెట్టండి. బీపీ మాత్రలు కూడా అంతే.

తిరుగు ప్రయాణంలో చాలామంది తప్పటడుగు వేసేది వేళ దగ్గరే. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, బొటానికల్ గార్డెన్ ఇంకోసారి చూసి, నాలుగింటికి కదులుతారు. ఘాట్‌లో ట్రాఫిక్, గూడలూరులో ట్రాఫిక్, చీకటిపడే వేళకు అడవి. సాయంత్రం ఏనుగులు రోడ్డు దాటే సమయం, వెలుతురు తగ్గితే బూడిద రంగు ఏనుగు బూడిద రంగు రోడ్డు మీద దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. పైగా తొమ్మిదికి గేటు ఉందనే కంగారులో స్పీడు పెంచుతారు. ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా ఊటీ వదిలేయండి. ఒంటిగంటకల్లా అడవి దాటి, నంజనగూడు గుడిలో దర్శనం చేసుకుని, రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. సోమవారం సెలవు పెట్టగలిగితే ఇంకా మంచిది, ఆదివారం రద్దీ ఉండదు.

నెల ఏదో మీరు రాయలేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గూడలూరు వైపు వాన గట్టిగా ఉంటుంది, నడువట్టం దగ్గర పొగమంచు దిగితే పది అడుగుల దూరం కనిపించదు. అప్పుడు హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ ఉండదు. లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. నడుస్తున్న కారుకు నాలుగు ఇండికేటర్లు వేయకండి, వెనకవాడికి మీరు ఆగారో కదులుతున్నారో తెలియదు. ఫిబ్రవరి, మార్చి అయితే అడవి ఆకు రాల్చి ఎండిపోయి ఉంటుంది, జంతువులు సులభంగా కనిపిస్తాయి, కానీ నిప్పురవ్వ చాలు. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు కాలిపోయాయి. కారులో సిగరెట్ తాగేవాళ్లు ఉంటే గుండ్లుపేటలోనే చెప్పేయండి.

కొత్త కారే కాబట్టి టైర్లు, బ్రేకుల గురించి పెద్ద చింత లేదు, గాలి మాత్రం అయిదుగురి బరువుకు కంపెనీ చెప్పినంత పెట్టించండి. ఎలక్ట్రిక్ బండి అయితే ఊటీలో వంద శాతం ఛార్జ్ చేయకండి. బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు మోటార్ వేగాన్ని పట్టుకోలేదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కాస్త ఖాళీ ఉంచితే దిగుతూ ఛార్జ్ కూడా అవుతుంది.

ఆటోమేటిక్ అన్నారు గానీ ఏఎంటీయా, సీవీటీయా, డీసీటీయా అన్నది రాయలేదు. కారు మోడల్ రాయండి, దిగేటప్పుడు లివర్ ఎక్కడ పెట్టాలో దానికి తగ్గట్టు చెబుతాను. అంతకన్నా ముందు వచ్చే ఆదివారం ఉదయం బెంగళూరు దగ్గరి నంది హిల్స్‌కు ఒకసారి వెళ్లి రండి. పైన టీ తాగి, దిగేటప్పుడు ఆ తక్కువ గేరు ఎలా పట్టుకుంటుందో పాప, అమ్మానాన్న లేకుండా ఒకసారి చూసుకోండి.